తార్నాక నుంచి గరికపాడు

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే బస్సులో తెలంగాణ ఎక్కడ అయిపోయిందో గమనించేవాళ్ళు తక్కువ. కోదాడ దాటాక రామాపురం క్రాస్‌రోడ్డు వస్తుంది, ఆ వెంటనే పాలేరు మీద వంతెన, వంతెన దిగితే గరికపాడు. అప్పటికి బస్సులో సగం మంది కునుకు తీస్తుంటారు. చేతిలో ఉన్న ఫోనుకు కూడా తెలియదు. రాష్ట్రం రెండై పదేళ్ళు దాటినా టెలికాం లెక్కల్లో ఇప్పటికీ రెండూ కలిపి ఆంధ్రప్రదేశ్ సర్కిలే. ఈ సరిహద్దు కాగితం మీదికి వచ్చింది 2014 జూన్ 2న. జనం కాళ్ళకు అడ్డం పడింది మాత్రం 2020 మార్చి 25న, శార్వరి నామ సంవత్సర ఉగాది పూట.

నందిగామ దగ్గర మా పిన్నివాళ్ళ ఊళ్ళో గృహప్రవేశానికి పోవాల్సి వచ్చింది. పిన్ని కొడుకు తార్నాకలోనే ఉంటాడు. “నేరుగా పోకుండా కోదాడలో దిగి, ఆ వంతెన నడిచి దాటుదాంరా” అన్నాను. వాడు నవ్వి, “నేను ఒకసారి సగం దాకా నడిచాను కదన్నయ్యా, మిగతా సగం నువ్వు నడు” అన్నాడు.

బస్సుకు ఇంకా టైముందని పొద్దున్నే యూనివర్సిటీలోకి వెళ్ళాం. తార్నాక చౌరస్తా రొద గేటు దాటి నాలుగడుగులు వేస్తే వెనకబడిపోతుంది. 1918లో పెట్టిన విశ్వవిద్యాలయం, 1939లో తెరిచిన ఆర్ట్స్ కాలేజీ భవనం. దాని మెట్ల మీద తెలంగాణ ఉద్యమం ఎన్ని రాత్రులు గడిపిందో ఈ నగరానికి తెలుసు. ఇప్పుడక్కడ ఫోటోలు దిగేవాళ్ళు, వాకింగ్ చేసే పెద్దమనుషులు. లైబ్రరీ వైపు నడిస్తే మాత్రం అసలు ఉస్మానియా కనిపిస్తుంది: చెట్టు కింద కుర్చీ వేసుకుని, గ్రూప్స్ పుస్తకానికి అట్ట వేసి, కరెంట్ అఫైర్స్ నోట్సు పక్కన పెట్టుకుని, పక్కవాడితో మాట కలపకుండా చదువుకునే పిల్లలు. వాళ్ళలో కొంతమందికి చదువు ఎప్పుడో అయిపోయింది. నోటిఫికేషన్ కోసం ఉంటున్నారు.

క్యాంపస్ హాస్టళ్ళలో చోటు దొరకనివాళ్ళంతా చుట్టుపక్కల గల్లీల్లో ఉంటారు. తార్నాక, హబ్సిగూడ, సీతాఫల్‌మండి, మాణికేశ్వర్ నగర్ — ఇంటి మీద ఇల్లు, ఇంటికో హాస్టల్ బోర్డు. గదికి నలుగురు, మెస్సులో పొద్దున ఉప్మా, ఆదివారం చికెన్. ఆదిలాబాద్ వాడు, శ్రీకాకుళం వాడు ఒకే బకెట్టు కోసం పోట్లాడుకునే చోటు ఇది. రాష్ట్రం విడిపోయినా ఈ గల్లీలు విడిపోలేదు. విడిపోవాల్సిన అవసరమూ లేదు. విభజన చట్టం ప్రకారం 2024 జూన్ 2 దాకా హైదరాబాద్ రెండు రాష్ట్రాలకూ ఉమ్మడి రాజధాని. ఈ మాట ఇక్కడ గుర్తుంచుకోవాలి, గరికపాడులో పనికొస్తుంది.

2020 మార్చి 14న తెలంగాణ ప్రభుత్వం విద్యాసంస్థలు మూస్తున్నట్టు ప్రకటించింది. కాలేజీ పిల్లలు చాలామంది అప్పుడే సర్దుకుని వెళ్ళిపోయారు. కోచింగుల కోసం ఉన్నవాళ్ళు, చిన్న ఉద్యోగాలవాళ్ళు మాత్రం మిగిలిపోయారు. 22న జనతా కర్ఫ్యూ, ఆ సాయంత్రమే రాష్ట్రంలో లాక్‌డౌన్, 24 రాత్రి దేశమంతా. మెస్సులు నడపాలంటే కూరగాయలు రావాలి, వంటమనిషి రావాలి. ఒక్కడికి దగ్గొచ్చినా హాస్టల్ అంతా తనమీదికే వస్తుందని యజమానుల భయం. ఖాళీ చేయండన్నారు. ఈ గల్లీల్లోనే కాదు, అమీర్‌పేట, ఎస్సార్ నగర్‌లో ఇంకా ఎక్కువ. ఖాళీ చేసి ఎక్కడికి పోవాలో చెప్పినవాళ్ళు లేరు. పిల్లలంతా పోలీస్ స్టేషన్ల ముందు క్యూ కట్టారు. దూరం దూరంగా నిలబడాల్సిన రోజున భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. పోలీసులు ఊరెళ్ళడానికి పాసులు ఇచ్చారు.

మావాడు ఆ పాసు ఇంకా దాచుకున్నాడు, మార్కుల మెమోలు పెట్టుకునే ప్లాస్టిక్ కవరులో. మెట్ల మీద కూర్చుని తీసి చూపించాడు. కంప్యూటర్లో కొట్టిన నాలుగు వాక్యాలు, మధ్యలో ఖాళీలు. పేరు, బండి నంబరు, వెనక కూర్చునేవాడి పేరు పెన్నుతో నింపారు. నంబరులో ఒక అంకె కొట్టేసి మళ్ళీ రాశారు. అడుగున రబ్బరు ముద్ర సగమే పడింది. ఇంకు అయిపోయి ఉంటుంది, ఆ రోజు ఎన్ని వందల కాగితాల మీద కొట్టారో! వెళ్ళాల్సిన చోటు: నందిగామ, కృష్ణా జిల్లా. ఇప్పుడది ఎన్టీఆర్ జిల్లా. పాసులో ఆ ఒక్క ముక్క కూడా పాతబడిపోయింది.

తార్నాకలో మెట్రో ఎక్కి ఉప్పల్ వైపు బయల్దేరాం. 2020 మార్చి 22న ఆగిన ఈ రైలు సెప్టెంబరులో గానీ కదల్లేదు. క్యాంపస్ పక్కనుంచి, ఆర్ట్స్ కాలేజీ, జామై ఉస్మానియా స్టేషన్ల మీదుగా పోయే ఎంఎంటీఎస్ అయితే 2021 జూన్ 23 దాకా పట్టాలెక్కలేదు. మెట్రో పట్టాల కింద రోడ్డు వెంబడి ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ గోడలు వరసగా సాగుతాయి. చెట్లు తప్ప ఏమీ కనిపించవు. కానీ తెలుగువాళ్ళ మీద పడ్డ ఒక క్వారంటైన్ రూలుకు మూలం ఈ గోడల వెనక ఉంది, అది కొంచెం వివరంగా చెప్పాలి.

సీసీఎంబీ వాళ్ళు వైరస్ జన్యుక్రమాలు చదివేవాళ్ళు. దక్షిణాది నమూనాల్లో కనిపించిన ఎన్440కె అనే మార్పును వాళ్ళు కూడా పరీక్షించారు. ప్రయోగశాలలో పెంచిన కణాల్లో అది పాత రకాలకంటే ఎక్కువగా పెరిగిందని ఒక పరిశోధన పత్రం వచ్చింది. గాజుపాత్రలో జరిగిన సంగతి అది. 2021 మే మొదట్లో అది టీవీల్లోకి ఎక్కేసరికి ‘ఏపీ స్ట్రెయిన్’ అయింది, పదిహేను రెట్లు ప్రమాదం అయింది. ఆ రకం ఇప్పటికే తగ్గిపోతోంది, దాని చోటులోకి వేరే రకాలు వస్తున్నాయని సీసీఎంబీ శాస్త్రవేత్తలే చెప్పారు. ఎవరు వింటారు? మే 6న ఢిల్లీ ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చేవాళ్ళు 14 రోజులు ప్రభుత్వ క్వారంటైన్‌లో ఉండాలని ఉత్తర్వు ఇచ్చింది. రెండు డోసులు వేసుకున్నా, 72 గంటల లోపు ఆర్టీపీసీఆర్ నెగెటివ్ ఉన్నా ఇంట్లో ఏడు రోజులు. ఒడిశా కూడా మనకు దారులు బిగించింది. అప్పటికి ఢిల్లీలోనే శ్మశానాల్లో కట్టెలు చాలక వరసలు కట్టారు. అలాంటి నగరం మనవల్ల భయపడింది.

పరీక్షించి చెప్పినవాడికే శిక్ష పడటం మనకొక్కరికే జరగలేదు. అంతకు ముందు డిసెంబరులో, కెంట్ ప్రాంతంలో కొత్త రకం దొరికిందని బ్రిటన్ ప్రకటించగానే ఫ్రాన్స్ రెండు రోజులు సరిహద్దు మూసేసింది. క్రిస్మస్ ముందు వేల లారీలు కెంట్ రోడ్ల మీద, ఒక పాత విమానాశ్రయం రన్‌వే మీద నిలిచిపోయాయి. ఒమిక్రాన్ సంగతి చెప్పిన దక్షిణాఫ్రికాకు 2021 నవంబరులో జరిగిందీ అదే.

యూరప్ మాట వచ్చింది కాబట్టి ఇంకొక ముచ్చట. 1985లో షెంగెన్ ఒప్పందం మీద సంతకాలు పెట్టినప్పటి నుంచీ సరిహద్దులు చెరుపుకుంటూ వచ్చిన ఖండం అది. 2020 మార్చి 16న జర్మనీ తన పొరుగువాళ్ళలో ఐదు దేశాల వైపు తనిఖీలు పెట్టింది. కాన్‌స్టంజ్ దగ్గర జర్మనీ, స్విట్జర్లాండ్ మధ్య కంచె వేశారు. అటొకరు ఇటొకరు ఉన్న ప్రేమికులు కంచె సందుల్లోంచి చేతులు పట్టుకుంటున్నారని రెండో కంచె వేశారు. బెల్జియం, నెదర్లాండ్స్ కలగాపులగంగా ఉండే బార్లె ఊళ్ళో ఒక బట్టల కొట్టు మధ్యలోంచే సరిహద్దు పోతుంది. బెల్జియం కొట్లు మూయమంది, నెదర్లాండ్స్ మూయమనలేదు. కొట్లో అడ్డంగా టేపు కట్టి, బెల్జియం సగంలో ఉన్న బట్టలు ముట్టుకోనీయకుండా ఇవతలి సగంలో అమ్ముకున్నారు. మన బెజవాడ బట్టల షావుకారైతే రాత్రికి రాత్రే సరుకంతా ఇవతలి సగంలోకి జరిపి ఉండేవాడు.

మా వీధిలో ఒకమ్మాయి ఆ రోజుల్లోనే జర్మనీలో ఎమ్మెస్‌కు సీటు తెచ్చుకుంది. వాళ్ళమ్మ ముందుచూపుతో కూతురికి కోవాగ్జిన్ వేయించింది, మన ఊరి మందు కదా అని. శామీర్‌పేట పక్కన జీనోమ్ వ్యాలీలో తయారైన మందు. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు 2021 నవంబరు 3న గానీ రాలేదు. జర్మనీ దాన్ని ప్రయాణానికి ఒప్పుకున్నది 2022 జూన్ 1 నుంచి. కోవిషీల్డ్ వేసుకున్నవాళ్ళకూ సుఖం లేదు. ఆ సర్టిఫికెట్ నమ్మం, పది రోజులు క్వారంటైన్‌లో ఉండాల్సిందేనని 2021 అక్టోబరు మొదట్లో బ్రిటన్ పట్టుబట్టింది. మందు అదే, ఆక్స్‌ఫర్డ్ పేరుతో ముడిపడిందే. మనదేశం కూడా బ్రిటన్ వాళ్ళకు పది రోజులు పెట్టాక, వారంలో మాట మారింది. వైరస్ గురించిన రూళ్ళలో వైరస్ భాగం ఎంతో, పరువు భాగం ఎంతో విడదీయడం కష్టం.

నాగోలులో దిగి, ఎల్బీనగర్ చేరి, కోదాడ బస్సు పట్టుకున్నాం. ఈ రోడ్డు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పంతంగి టోల్, చిట్యాల, నార్కట్‌పల్లి, కొర్లపహాడ్ టోల్, సూర్యాపేటలో బస్సాగే హోటల్లో బిల్లు చూసి ఆకలి చచ్చిపోవడం. ఆ ఉగాది రాత్రి ఈ దారంతా బైకులే అని మావాడు చెప్పాడు. వీపున బ్యాగు, ముందు ట్యాంకు మీద ఇంకో బ్యాగు, మూతికి జేబురుమాలు. హోటళ్ళు లేవు, టీ లేదు. చెక్‌పోస్టుల దగ్గర తెలంగాణ పోలీసులు పాసు చూసి పంపించేశారు. వీళ్ళు దారిలో ఉండగానే వెనక హైదరాబాద్‌లో సంగతి మారిపోయింది. హాస్టళ్ళు ఖాళీ చేయించవద్దని ప్రభుత్వం చెప్పింది, పాసులు ఇవ్వడం ఆపేశారు. ఇచ్చిన పాసుల మీద వెళ్ళిపోయినవాళ్ళు మాత్రం సరిహద్దుకు చేరారు.

కోదాడ నుంచి ఆటో. “రామాపురం కాడ దిగి ఏం జేస్తరు సార్, అటు బోయే ఆటోలు శాన ఉన్నయ్” అన్నాడు డ్రైవరు. నడిచి దాటతామంటే అద్దంలోంచి ఒకసారి చూసి ఊరుకున్నాడు.

వంతెన పొడుగు పెద్దదేమీ కాదు. 2024 సెప్టెంబరు వరదకు పాలేరు ఇక్కడ హైవేనే కోసేసి రెండు రాష్ట్రాల మధ్య రాకపోకలు ఆపేసింది. ఆ పని 2020లో మనుషులు చేశారు. లారీలు పక్కనుంచి పోతుంటే ఒంటికి గాలి కొడుతుంది. మధ్యలో ఆగి మావాడు చెయ్యి చాపి చూపించాడు: “అక్కడ బారికేడ్లు. ఇటు మేం. లైట్లు మా మొహాల మీద వేశారు.”

ఆంధ్రప్రదేశ్ వాదన ఇదీ: తెలంగాణ పోలీసులు ఇచ్చిన పాసు మాకు చెప్పి ఇచ్చింది కాదు, ఎవరికి జబ్బుందో తెలియకుండా వేలమందిని ఊళ్ళలోకి వదల్లేం, రావాలంటే 14 రోజులు క్వారంటైన్‌లో ఉండాలి. ఒప్పుకున్న కొందరిని నూజివీడు ట్రిపుల్ ఐటీకి తరలించారు. ఎక్కడివాళ్ళు అక్కడే ఉండండని మర్నాడు ముఖ్యమంత్రి టీవీలో చెప్పారు. అదే రోజుల్లో కృష్ణ మీద పొందుగుల దగ్గర గొడవ రాళ్ళదాకా పోయింది. ఉమ్మడి రాజధాని నుంచి సొంత రాష్ట్రానికి పోతున్న పిల్లలు చేతిలో కాగితంతో నడి వంతెన మీద మిగిలిపోయారు. ఆపడం తప్పని నేను అనను. ఆ రోజుకు ఎవరి దగ్గరా చాలినన్ని పరీక్ష కిట్లు లేవు, జబ్బు గురించి తెలిసింది తక్కువ. కానీ పాసు ఇచ్చే చేయి, ఆపే చేయి ముందుగా ఒక ఫోను మాట్లాడుకుని ఉంటే సరిపోయేది. జర్మనీ, ఫ్రాన్స్‌లకు వేర్వేరు భాషలు, వేర్వేరు పార్లమెంట్లు ఉన్నాయి. వాళ్ళకు సాకు ఉంది. ఇక్కడ రెండు వైపుల అధికారుల్లోనూ అప్పటికి ఆరేళ్ళ ముందు దాకా ఒకే సచివాలయంలో ఒకే క్యాంటీన్‌లో టీ తాగినవాళ్ళున్నారు.

ఏడాది తిరిగేసరికి ఆపేవాళ్ళు మారారు. 2021 మేలో హైదరాబాద్ ఆసుపత్రుల కోసం ఏపీ నుంచి వస్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు ఇటు రామాపురం దగ్గర, అటు కర్నూలు దారిలో పుల్లూరు టోల్‌ప్లాజా దగ్గర నిలిపేశారు. ముందే బెడ్ ఖాయం చేసుకోవాలి, కంట్రోల్ రూమ్ అనుమతి ఉండాలి అన్నారు. పుల్లూరు దగ్గర అంబులెన్సుల్లోనే ప్రాణాలు పోయాయి. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. ఉగాది రాత్రి సంగతి తలుచుకుని ఆంధ్రప్రదేశ్‌ను తిట్టుకునే మావాడి దగ్గర పుల్లూరు మాట ఎత్తితే మౌనంగా ఉంటాడు. తిట్టడానికి ఒకవైపే మిగల్లేదు.

గరికపాడు వైపు దిగాక రోడ్డు పక్కన రేకుల టీ కొట్టు. అరవై దాటిన మనిషి, మెడలో తువ్వాలు. ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగి, నడిచొచ్చామంటే, “దసరాకి కూడా ఇట్టాగే నడిచారండీ జనం, కరోనా ఏడు” అన్నాడు. నిజమే. ఆ దసరా సంగతి విచిత్రం. యూరప్ లోపలి సరిహద్దులు చాలావరకు 2020 జూన్ 15కే తెరుచుకున్నాయి. మనకు జూన్ 1 నుంచే ప్రత్యేక రైళ్ళు నడిచాయి, కార్లు పోయాయి. హైదరాబాద్, విజయవాడల మధ్య ఆర్టీసీ బస్సు మాత్రం నవంబరు దాకా తిరగలేదు. వైరస్ వల్ల కాదు, కిలోమీటర్ల వల్ల. మీ బస్సులు మా నేల మీద ఎన్ని కిలోమీటర్లు తిరుగుతున్నాయో మావీ మీ నేల మీద అన్నే తిరగాలని తెలంగాణ పట్టుబట్టింది. అప్పటిదాకా ఏపీ బస్సులు తెలంగాణలో రోజుకు రెండున్నర లక్షల కిలోమీటర్లకు పైగా తిరిగేవి. దసరాకు ఒప్పందం కుదరలేదు. ఏపీఎస్‌ఆర్టీసీ సరిహద్దు చెక్‌పోస్టుల దాకా బస్సులు వేసింది. జనం దిగి, సంచులు నెత్తిన పెట్టుకుని, వంతెన దాటి అవతల బస్సెక్కారు. చివరకు నవంబరు 2న సంతకాలయ్యాయి: ఏపీ బస్సులు తెలంగాణలో 1,60,999 కిలోమీటర్లు, తెలంగాణ బస్సులు ఏపీలో 1,61,258. ఇంత తేడా కూడా లెక్క కట్టిన ఆ గుమాస్తా ఎవరో, ఆయన్ని మార్చి 25న గరికపాడు పంపించి ఉండాల్సింది.

“ఆ పది రోజులూ బాగా సాగిందండీ యాపారం” అన్నాడు టీ కొట్టాయన.

“మరి మార్చిలో?” అని అడిగాడు మావాడు. “ఉగాది రాత్రి ఇక్కడే ఉన్నాం. మంచినీళ్ళు కూడా దొరకలేదు.”

ఆయన వాడివైపు తిరిగి చూశాడు. “మార్చిలో కొట్టెక్కడిది బాబూ. మా ఇళ్ళకాడికి వచ్చే దారికి మేవే కంప కొట్టి అడ్డమేశాం. నువ్వు పోలీసుల్ని దాటొచ్చినా మేం రానిచ్చేవాళ్ళం కాదు.”

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఆ రాత్రి వాడు వెనక్కి తిరిగి, బండి మీద వచ్చిన స్నేహితుడి ఊరికి పోయాడు, కోదాడకు దగ్గర్లోనే. అక్కడా ఊరి మొగదల ముళ్ళకంప. స్నేహితుడి నాన్న పొలం గట్ల మీదుగా వచ్చి ఇద్దర్నీ మోటారు కొట్టంలో ఉంచి, రెండు వారాలు అన్నం గిన్నె గట్టు మీద పెట్టి వెళ్ళేవాడు. ఇదంతా నాకు తెలిసిందే. తెలియనిది అప్పుడు చెప్పాడు.

“బారికేడ్ల దగ్గర ఉండగా మా నాన్నకి ఫోన్ చేశాను అన్నయ్యా. క్వారంటైన్ ఒప్పుకుంటే పంపిస్తామంటున్నారు, వచ్చేయమంటావా అని. రావద్దన్నాడు. ఊళ్ళో పెద్దలు కూర్చుని హైదరాబాద్ నుంచి ఎవరొచ్చినా వెలి అని చెప్పారంట.”

“పిన్ని ఏమందిరా?”

“అమ్మకి ఫోన్ ఇవ్వలేదు. తర్వాత తెలిసింది, నేను వస్తానేమోనని గొడ్లపాకలో ఒక మూల శుభ్రం చేయించి మంచం వేసి, దోమతెర కూడా కట్టించిందంట. నాన్నకి చెప్పకుండా.”

“నూజివీడు కంటే అదే నయం,” అన్నాడు టీ కొట్టాయన గ్లాసులు తొలుస్తూ. “ఆళ్ళు దోమతెరలు ఇచ్చుండరు.” జగ్గయ్యపేట ఆటో వచ్చి ఆగింది. మనిషికి ముప్ఫై అన్నాడు, మావాడు ఇరవై అన్నాడు.